రేకుల గదిలో ఓవర్‌క్లాకింగ్: ఏ ప్రాసెసర్ తీసుకోవాలి?

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి, కొర్లగుంట. డిగ్రీ అయిపోయింది. ఇంట్లో కంప్యూటర్ 2019లో కొన్నది. రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్కు, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, కరెంటు అందించే 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్. ప్రాసెసర్ డబ్బాతో వచ్చిన కూలరే ఇంకా ఉంది. మా బావకు ఫొటో స్టూడియో ఉంది, పెళ్లి వీడియోలు నేనే ఎడిట్ చేసిస్తాను. రాత్రిళ్లు ఫ్రెండ్స్‌తో గేమ్స్ ఆడతాను. ఇప్పుడు సిస్టమ్ బాగా నెమ్మదించింది. 20,000 దాకా పెట్టగలను. ఓవర్‌క్లాకింగ్ చేయాలని ఎప్పటి నుంచో కోరిక. తెలిసినతను ఒకరు వాడిన ఐ5-13600కే, జడ్690 బోర్డు కలిపి ఇస్తానంటున్నాడు, 5.5 గిగాహెర్ట్జ్ దాకా లాగొచ్చట. దానికైతే కొంచెం అప్పు చేయాలి. షాపులో అడిగితే ఉన్న బోర్డులోనే రైజెన్ 5600 వేసుకోమంటున్నారు. ఏది కొనమంటారు? ఇంకో మాట, కంప్యూటర్ ఉండేది మిద్దె మీద రేకుల గదిలో.

జవాబు: తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఉన్న బోర్డులోనే రైజెన్ 5 5600 వేసుకో. దాంతో పాటు ఇంకో 8 జీబీ ర్యామ్, ఒక టవర్ కూలర్ తీసుకో. వాడిన సెట్ జోలికి వెళ్లొద్దు, దాని కోసం అప్పు అసలే వద్దు. ఓవర్‌క్లాకింగ్, అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువలో నడపడం, నేర్చుకోవాలన్న కోరిక మంచిదే. దానికి కొత్త ప్రాసెసర్ అక్కర్లేదు. నీ దగ్గరున్న 2600 చాలు, ఈ వారమే మొదలుపెట్టొచ్చు.

ఈ కోరిక ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు, నేనూ ఆ కథలు వింటూ పెరిగినవాణ్నే. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అని ఒక చౌక ప్రాసెసర్ తెచ్చింది. 66 మెగాహెర్ట్జ్ బస్సు (ప్రాసెసర్‌కూ బోర్డుకూ మధ్య డేటా నడిచే దారి), 4.5 రెట్లు, మొత్తం 300 మెగాహెర్ట్జ్. బోర్డులో బస్సును 100కు మారిస్తే అదే చిప్పు 450లో నడిచేది. పైసా ఖర్చు లేకుండా సగానికి సగం వేగం పెరిగిందన్నమాట. ఆ తర్వాత ఏఎండీ అథ్లాన్, డ్యూరాన్‌ల కాలంలో ప్రాసెసర్ మీద ఎల్1 అని రాసి ఉన్న చోట తెగి ఉండే సన్నటి గీతలను మామూలు పెన్సిల్‌తో రుద్ది కలిపేవాళ్లు. పెన్సిల్లోని గ్రాఫైట్ గుండా కరెంటు పోతుంది కాబట్టి ఆ రెట్లను మార్చనివ్వని లాక్ ఊడి వచ్చేది. 2011లో వచ్చిన ఐ5-2500కే 3.3 గిగాహెర్ట్జ్ చిప్పు, దాన్ని 4.5 దగ్గర నడిపినవాళ్లు లెక్కలేనంత మంది.

అప్పుడు కంపెనీలు చిప్పులో అంత వేగాన్ని వాడకుండా వదిలేసేవి. ఇప్పుడు వదలడం లేదు. 2008లో మొదటి కోర్ ఐ7తో టర్బో బూస్ట్ వచ్చింది, ఏఎండీ వాళ్లు దానికి ప్రెసిషన్ బూస్ట్ అని పేరు పెట్టుకున్నారు. ప్రాసెసర్ తన వేడి, తను తీసుకునే కరెంటు, వోల్టేజ్ తానే చూసుకుంటూ క్షణక్షణానికి వేగం పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. ఒకప్పుడు మనం రాత్రంతా కూర్చుని చేసిన పనిని అదే చేసుకుంటోంది. మనకు మిగిలేది కొంచెమే.

ఆ కొంచెం ఎంతో నీ 2600తోనే లెక్క వేద్దాం. డబ్బా మీద 3.4, బూస్ట్ 3.9 అని ఉంటుంది. అన్ని కోర్లూ (ప్రాసెసర్ లోపల పని చేసే భాగాలు) పని చేస్తున్నప్పుడు 3.7 దరిదాపుల్లో నడుస్తుంది. ఓవర్‌క్లాక్ చేస్తే ఎక్కువ చిప్పులు 4.0, 4.1 మధ్య ఆగిపోతాయి. 4.05 అనుకుంటే 9 శాతం లాభం. అంటే గంట పట్టే వీడియో ఎక్స్‌పోర్ట్ 55 నిమిషాలకు వస్తుంది.

ఇప్పుడు 5600 చూడు. 2600లో ఉన్నది జెన్ ప్లస్ అనే డిజైన్, 5600లో ఉన్నది జెన్ 3. మధ్యలో రెండు తరాల డిజైన్ మారింది. అదే గిగాహెర్ట్జ్ దగ్గర మొదటి మార్పుకు 15 శాతం, రెండో దానికి 19 శాతం ఎక్కువ పని జరుగుతుందని ఏఎండీ లెక్క. రెండూ కలిపితే 37 శాతం దాకా వస్తుంది. పైగా బూస్ట్ 3.9 నుంచి 4.4కు పెరిగింది. అన్నీ పనికి వచ్చిన చోట ఒకటిన్నర రెట్లు వేగం. గంట ఎక్స్‌పోర్ట్ 40 నిమిషాలు. గేమ్స్‌లో ఇంకో తేడా కూడా తెలుస్తుంది. 2600లో ఆరు కోర్లు మూడేసి చొప్పున రెండు గుంపులు, గుంపుకు 8 ఎంబీ క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న మెమరీ. ఈ గుంపులో ఉన్న డేటా ఆ గుంపుకు కావాలంటే చుట్టు తిరిగి వెళ్లాలి. 5600లో ఆరు కోర్లకూ కలిపి ఒకటే 32 ఎంబీ క్యాష్. ఇటువంటి తేడాను ఏ ఓవర్‌క్లాకింగూ తేలేదు.

5600ఎక్స్ కూడా షాపులో చూపిస్తారు. దానికీ 5600కీ బూస్ట్‌లో తేడా 200 మెగాహెర్ట్జ్, అంతే. ధరలో వంద, రెండొందలు తేడా అయితే తీసుకో, అంతకంటే ఎక్కువైతే వద్దు. 5500, 5600జీ అని ఉండేవి మాత్రం వద్దు. పేర్లు దగ్గరగా ఉంటాయి కానీ వాటిలో క్యాష్ సగమే, 16 ఎంబీ. 5700ఎక్స్‌లో ఎనిమిది కోర్లు, ఎడిటింగ్‌కు నిజంగా పనికొస్తాయి. కాకపోతే దాంతో కూలర్ రాదు, నీ 20,000లో ర్యామ్ కూడా రావాలి. స్టూడియో పని పెరిగి నీకు నెలనెలా డబ్బులు వస్తుంటే అప్పుడు ఆలోచించు. ఇంకా గేమ్స్ పిచ్చి ఎక్కువున్నవాళ్లు 5800ఎక్స్3డీ పేరు చెప్తారు. గేమ్స్‌కు అది గొప్ప ప్రాసెసర్, 96 ఎంబీ క్యాష్. కానీ దాని మల్టిప్లయర్‌కు, అంటే వేగాన్ని తేల్చే రెట్ల అంకెకు, కంపెనీయే తాళం వేసింది. నీ 1650 కార్డుతో దాని బలం బయటికి కూడా రాదు.

కార్డు మాట వచ్చింది కాబట్టి, ఏదీ కొనకముందు ఈ రోజు రాత్రి ఒక పని చెయ్యి. గేమ్ ఆడుతూ టాస్క్ మేనేజర్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) ఎంత చూపిస్తోందో చూడు. 95 శాతం దాటి అక్కడే నిలబడి ఉంటే ఆ గేమ్ నెమ్మదికి కారణం కార్డు. ప్రాసెసర్ మార్చినా ఆ గేమ్‌లో పెద్దగా తేడా కనిపించదు, తర్వాత నన్ను అనుకుని లాభం లేదు. అలాగే ఎడిటింగ్ ఫైల్ తెరిచి మెమరీ చూడు. 8 జీబీకి 7.6 వాడేసి, డిస్క్ గిరగిరా తిరుగుతుంటే నీ నెమ్మదిలో సగం అక్కడే ఉంది. నువ్వు రాసినదాన్ని బట్టి నాకు ముందు అనుమానం ర్యామ్ మీదే. పైగా ఒకే స్టిక్కు. రైజెన్‌కు రెండు స్టిక్కులుంటేనే రెండు దారుల్లోనూ డేటా వస్తుంది. నీ దాని మీద స్పీడ్ ఎంత రాసి ఉందో చూసి, అదే కంపెనీ అదే స్పీడ్ దొరికితే అదే తీసుకో. నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడు. చాలా బోర్డులకు అదే పద్ధతి, మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది.

బావను కూడా ఒక మాట అడుగు. కెమెరా ఏ సెట్టింగ్‌లో తీస్తోంది? హెచ్.265 అనే వీడియో పద్ధతిలో, రంగుల వివరం ఎక్కువుండే 10 బిట్, 4:2:2 అయితే మాత్రం ఇక్కడ ఇంటెల్‌ది పైచేయి అని ఒప్పుకోవాలి. 11వ తరం నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో ఉండే గ్రాఫిక్స్ ఆ ఫైళ్లను నేరుగా విప్పగలవు. నీ 1650 విప్పలేదు, 5600లో అసలు గ్రాఫిక్సే లేవు. అలాంటి ఫుటేజ్ టైమ్‌లైన్‌లో తడబడుతుంటే ముందు ప్రాక్సీలు, అంటే తేలికపాటి నకళ్లు, చేసుకుని ఎడిట్ చెయ్యి, పని సాగుతుంది. ఒకవేళ స్టూడియోలో తీసేదంతా అదే అయితే, వాడిన 13600కే కాకుండా కొత్త ఐ5-12400, ఒక మామూలు బోర్డు గురించి బావతో కూర్చుని మాట్లాడు. చివర ఎఫ్ అక్షరం లేనిది అడగాలి, ఎఫ్ ఉంటే గ్రాఫిక్స్ ఉండవు. దాంట్లో ఓవర్‌క్లాకింగ్ ఉండదు, కానీ అప్పుడు నీకు కావలసింది అది కాదు కదా.

ఇక రేకుల గది సంగతి. నీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం అదే.

నేను భవానీ నగర్‌లో మిద్దె మీద గదిలో అద్దెకున్న రోజుల్లో ఐ5-2500కే కొన్నాను. మన ఊళ్లో డిసెంబరు చలి నీకు తెలుసు, తలుపు తీస్తే కొండ మీది నుంచి గాలి వచ్చేది. వారం రోజులు కూర్చుని 4.5 దగ్గర నిలబెట్టాను. ప్రాసెసర్‌ను గట్టిగా పరీక్షించే ప్రైమ్95 రాత్రంతా నడిపితే 74 డిగ్రీలు దాటలేదు. ఆ తర్వాత ఐదు నెలలు ఒక్క తప్పు లేదు. మే నెల, గంగజాతర వారం, మధ్యాహ్నం రెండున్నర. ఒక వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టి భోజనానికి కిందికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి విండోస్ ఆగిపోయి నీలి తెర. మళ్లీ పెట్టాను, పది నిమిషాల్లో మళ్లీ నీలి తెర. గోడకు ఉన్న థర్మామీటర్ 40 చూపిస్తోంది. పక్క డోరు తీసి ప్రాసెసర్ పక్కనున్న అల్యూమినియం దిమ్మె మీద వేలు పెడితే రెండు సెకన్లు కూడా ఉంచలేకపోయాను. నాది వాడుకునే సిస్టమ్ కాదు, డిసెంబరు సిస్టమ్ అని అప్పుడు అర్థమైంది.

లెక్క చాలా సులువు. కూలర్ ప్రాసెసర్‌ను చల్లబరచదు, దాని వేడిని గదిలోకి తోస్తుంది. గది కంటే ప్రాసెసర్ ఎన్ని డిగ్రీలు ఎక్కువుంటుందో అదే కూలర్ సత్తా. డిసెంబరులో గది 24, ప్రాసెసర్ 74 అంటే తేడా 50. మేలో గది 40 అయితే అదే పని మీద ప్రాసెసర్ 90కి చేరుతుంది. కూలర్ తప్పేం లేదు. అంతటితో ఆగదు. వేడెక్కిన చిప్పుకు అదే వేగంలో నిలబడటానికి ఇంకొంచెం వోల్టేజ్ కావాలి. వోల్టేజ్ పెంచితే ఇంకా వేడెక్కుతుంది. వేడి వోల్టేజ్‌కు వర్గంగా పెరుగుతుంది, వేగానికి మామూలుగా పెరుగుతుంది. నీ 2600నే తీసుకో. 1.2 వోల్టుల దగ్గర 3.7లో నడిచేదాన్ని 1.35 వోల్టులతో 4.05కు లాగితే వేగం 9 శాతం పెరుగుతుంది, వేడి దాదాపు 40 శాతం పెరుగుతుంది. రేకుల కింద ఆ 40 శాతం నీ గదిలోనే, నీతో పాటే ఉంటుంది.

ఇదే కళ్లతో 13600కే వైపు చూడు. దాని మామూలు లెక్కే 125 వాట్లు, పూర్తి బలంతో నడిస్తే 181 వాట్లు. ఓవర్‌క్లాక్ చేయకముందే ఇది. దానికి నీ 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మీద భారం పెరుగుతుంది, పెద్ద కూలర్ కావాలి, అవి రెండూ అతను చెప్పిన ధరలో ఉండవు. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో 65 వాట్లు, అంతకు పైబడినవి కొన్ని కాలక్రమేణా అస్థిరంగా మారుతున్నాయని 2024లో కంపెనీయే ఒప్పుకుంది. ప్రాసెసర్ అవసరానికి మించి వోల్టేజ్ అడగడం వల్ల లోపల అరుగుదల వస్తోంది. 2024 ఆగస్టు, సెప్టెంబరులలో 0ఎక్స్129, 0ఎక్స్12బీ అని మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్లు ఇచ్చి, వారంటీ రెండేళ్లు పెంచింది. ఆ అప్‌డేట్ ఇకముందు జరిగే నష్టాన్ని ఆపుతుంది, జరిగిపోయినదాన్ని వెనక్కి తేలేదు. నీకు అమ్మేవాడు మంచివాడే కావచ్చు. కానీ ఆ చిప్పును అప్‌డేట్ రాకముందు ఎన్నాళ్లు, ఎంత వోల్టేజ్ మీద లాగారో నువ్వు తెలుసుకునే దారి లేదు. ఓవర్‌క్లాక్ చేసి అమ్మే ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయడానికి కొనొద్దు.

ఇంటెల్ గురించి ఇంకో ముక్క, నీకు కాకపోయినా చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తుంది. చివర కే అక్షరం ఉన్న ప్రాసెసర్‌కే తాళం తీసి ఉంటుంది, అది కూడా జడ్ బోర్డులో వేస్తేనే. బీ660 లాంటి బోర్డులో కే ప్రాసెసర్ వేసుకుని సెట్టింగ్ ఎక్కడుందని వెతుక్కునేవాళ్లు ఏటా కనిపిస్తారు. ఏఎండీలో అయితే ప్రాసెసర్లకు దాదాపు అన్నిటికీ తాళం తీసే ఉంటుంది, ఏ320, ఏ520 లాంటి ఏ బోర్డుల్లో మాత్రం కుదరదు. నీ బీ450లో కుదురుతుంది. అంటే నీకు కావలసిన బడి నీ ఇంట్లోనే ఉంది.

2600 మీద ఎలా నేర్చుకోవాలో చెప్తాను. ముందు పెళ్లి ఫైళ్లన్నీ బయట డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి, ఆ డ్రైవ్ తీసి పక్కన పెట్టు. ఇది లాంఛనంగా చెప్పే మాట కాదు. అస్థిరంగా ఉన్న ర్యామ్, ప్రాసెసర్ నీలి తెర వేస్తే అదృష్టం, ఎందుకంటే నీకు తెలిసింది. తెలియకుండా ఫైల్లో అక్షరం మారిస్తే, పాడైన సంగతి ఆల్బమ్ ఇచ్చే రోజు తెలుస్తుంది. తలంబ్రాలు మళ్లీ పోయించలేం.

తర్వాత ఉన్నది ఉన్నట్టు సినీబెంచ్ అనే వేగ పరీక్ష నడిపి స్కోరు ఒక నోట్‌బుక్కులో రాసుకో. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ తెరిచి వేడి, వోల్టేజ్, గది వేడి కూడా రాసుకో. బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లోకి, వెళ్లి మల్టిప్లయర్ 38 పెట్టు. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్, దాన్ని 38తో గుణిస్తే 3.8. వోల్టేజ్ 1.3 చేత్తో పెట్టు, ఆటోలో వదలొద్దు, ఆటో చాలాసార్లు కావలసినదానికంటే ఎక్కువ ఇస్తుంది. విండోస్‌లోకి వచ్చి పది నిమిషాలు సినీబెంచ్ తిప్పు. నిలబడితే 39, ఆ తర్వాత 39.5, ఆ తర్వాత 40. ఒకేసారి రెండు సెట్టింగులు మార్చొద్దు, ఏది చెడగొట్టిందో తెలియదు. 1.35 వోల్టులు దాటొద్దు, 85 డిగ్రీలు దాటితే ఆపేయ్. నీ బోర్డులో సాకెట్‌కు ఎడమ పక్క నల్లటి చదరపు ముక్కల మీద అల్యూమినియం దిమ్మె లేకపోతే 3.9 దగ్గరే ఆగు. ప్రాసెసర్‌కు కరెంటు అందించే వీఆర్ఎం అదే, ప్రాసెసర్ కంటే ముందు అదే అలసిపోతుంది. ఎక్కడైనా తెర నల్లబడి బూట్ కాకపోతే కంగారు పడొద్దు. స్విచ్ తీసి, బోర్డు మీదున్న గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ ఐదు నిమిషాలు ఊడదీసి పెట్టు, మొదటికి వస్తుంది.

ఇలా చేస్తుంటే ఒక విషయం నీకే కనిపిస్తుంది. 3.8 దగ్గర సినీబెంచ్‌లో అన్ని కోర్ల స్కోరు పెరుగుతుంది, ఒక్క కోరు స్కోరు తగ్గుతుంది. చేత్తో పెట్టగానే బూస్ట్ ఆగిపోతుంది కాబట్టి, ఇంతకుముందు ఒక కోరు 3.9కు ఎగిరేది ఇప్పుడు ఎగరదు. అలాగే నీ ఫ్రెండ్ 2600 4.1కు పోయిందని నీది పోవాలని లేదు. మన జిల్లా మామిడి తోటల్లో పక్కపక్కనున్న రెండు బేనీషా చెట్లు ఒకేలా కాస్తాయా? చిప్పులూ అంతే. ఈ రెండు సంగతులూ వారం రోజుల్లో చేత్తో చేసి తెలుసుకుంటే, ఏ షాపులో ఎవరు ఏం చెప్పినా నీకు లెక్క దొరుకుతుంది. వారంటీ ఎప్పుడో అయిపోయిన చిప్పు మీద నేర్చుకుంటున్నావు కాబట్టి భయమూ తక్కువ. కొత్తదాని మీద అయితే ఓవర్‌క్లాకింగ్ వల్ల వచ్చిన నష్టానికి వారంటీ వర్తించదు.

నేర్చుకున్నాక అన్నీ మామూలు సెట్టింగులకు తెచ్చి బయోస్ అప్‌డేట్ చెయ్యి. 2019 నాటి బయోస్‌కు 5600 అంటే ఏమిటో తెలియదు. పాత ప్రాసెసర్ ఉండగానే చేయాలి, తీసేశాక చేయడానికి చాలా బోర్డుల్లో దారి లేదు. బోర్డు మూలన రివిజన్ 1.0, 2.0 అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చూసి కంపెనీ సైట్ నుంచి సరిగ్గా ఆ మోడల్ ఫైలే దించుకో. కొన్ని బోర్డులకు మధ్యలో ఒక పాత వెర్షన్ వేసి, ఆ తర్వాతే కొత్తది వేయాలి, ఆ పేజీలో రాసి ఉంటుంది, చదువు. పెన్ డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చెయ్యి. యూపీఎస్ మీదే చెయ్యి, సాయంత్రం గాలివాన లేచే సూచన ఉంటే మర్నాటికి వాయిదా వెయ్యి. బయోస్ రాస్తున్న మధ్యలో కరెంటు పోతే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. ఇంకోటి, నీ విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్ అయి ఉంటే ముందే రికవరీ కీ రాసిపెట్టుకో. ప్రాసెసర్ మారితే దానిలో ఉండే, ఆ తాళం గుర్తును దాచే టీపీఎం మారుతుంది, విండోస్ ఆ 48 అంకెలు అడుగుతుంది.

ప్రాసెసర్ తీసేటప్పుడు చాలామంది చేసే పొరపాటు నువ్వు చేయొద్దు. కూలర్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య రాసిన ఏళ్ల నాటి పేస్టు ఎండి జిగురులా పట్టుకుని ఉంటుంది. కూలర్‌ను నిలువుగా లాగితే తాళం వేసి ఉన్న సాకెట్ నుంచి ప్రాసెసర్ కూడా దాంతో పాటే ఊడి వస్తుంది, అడుగున ఉన్న 1331 పిన్నుల్లో నాలుగైనా వంగుతాయి. ముందు పది నిమిషాలు సినీబెంచ్ నడిపి పేస్టు మెత్తబడనివ్వు. షట్‌డౌన్ చేసి, వైరు తీసి, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చెయ్యి. కూలర్‌ను ఎడమకూ కుడికీ మెల్లగా తిప్పు, సీసా మూత తిప్పినట్టు. కదిలిందని చేతికి తెలుస్తుంది, అప్పుడు ఎత్తు. కొత్తది పెట్టేటప్పుడు మూలనున్న బంగారు రంగు త్రికోణం సాకెట్ త్రికోణం మీదికి రావాలి. దాని బరువుకు అదే దిగాలి, వేలితో నొక్కాల్సి వచ్చిందంటే ఏదో సరిగా లేదు. పేస్టు బఠాణీ గింజంత చాలు.

5600తో కూలర్ వస్తుంది, అయినా టవర్ కూలర్ రాశాను, నీ గది కోసం. డబ్బులు చాలకపోతే ముందు ర్యామ్, ప్రాసెసర్ కొను, కూలర్ ఫిబ్రవరి లోపు కొనుక్కో. క్యాబినెట్ వెనక ఫ్యాన్ గాలి బయటికి తోస్తోందా, ముందు ఫ్యాన్ లోపలికి లాగుతోందా చూడు. రేకుల కింద ఫాల్స్ సీలింగ్ కానీ, పైన తెల్లటి కూల్ పెయింట్ కానీ వేయించమని ఇంట్లో అడుగు. అది నీ కంప్యూటర్‌కు చేసే ఓవర్‌క్లాకింగ్ కంటే ఎక్కువ పనికొస్తుంది, మధ్యాహ్నం ఆ గదిలో కూర్చునేది నువ్వే కదా.

5600 వేశాక మల్టిప్లయర్ జోలికి వెళ్లకు. మొదట బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన స్పీడ్‌లో నడిపే సెట్టింగ్) ఆన్ చెయ్యి, లేకపోతే 3200 ర్యామ్ కూడా 2666లోనో 2400లోనో నడుస్తుంటుంది, చాలామందికి ఏళ్ల తరబడి ఆ సంగతే తెలియదు. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒక రాత్రి నడిపి ఒక్క తప్పు కూడా లేదని చూసుకో. తర్వాత బయోస్‌లో ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ కింద కర్వ్ ఆప్టిమైజర్ ఉంటుంది. అన్ని కోర్లకూ మైనస్ 10 పెట్టు. అదే వేగానికి తక్కువ వోల్టేజ్ ఇస్తుంది. వేడి తగ్గుతుంది, వేడి తగ్గింది కాబట్టి ప్రాసెసర్ తనంతట తానే బూస్ట్‌లో ఎక్కువసేపు నిలబడుతుంది. మన ఊరి ఎండకు తగిన ఓవర్‌క్లాకింగ్ ఇదే అని నా గట్టి నమ్మకం. వారం బాగుంటే మైనస్ 15, ఆ తర్వాత 20. ఇది చెడితే బరువైన పనిలో బయటపడదు. పాట పెట్టి వదిలేసినప్పుడో, ఖాళీగా ఉన్నప్పుడో ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ అని హార్డ్‌వేర్ తప్పులు కనిపిస్తే ఐదు వెనక్కి తగ్గు.

నోట్‌బుక్కులో ఈ సెట్టింగుల పక్కన గది వేడి తప్పకుండా రాయి. చలికాలంలో కుదిరిన అంకెలను మేలో ఒక మధ్యాహ్నం రెండు గంటలకు మళ్లీ పరీక్షించు, అప్పటి దాకా అవి ఖాయం కాదు. 2600ను వెంటనే అమ్మకు. కొత్తది వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోనే పెట్టి నెల రోజులు బీరువాలో ఉంచు. కొత్తదానికి ఏదైనా అయితే మార్పించి తెచ్చుకునే లోపు బావ పని ఆగకూడదు.